మా తోటకి తోలిన మట్టి

మా ఇల్లు పెదపాడులో. అక్కణ్ణుంచి కొల్లేటి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే కనిపిస్తాయి. వాటి మధ్య ఎకరం డెబ్బై సెంట్ల కూరగాయల తోట ఒకటి ఉండేది. అది మాది, మా అమ్మ నా పేర రాసిన చేను. తూర్పున చేపల చెరువు, పడమర చేపల చెరువు, దక్షిణాన రొయ్యల చెరువు, ఉత్తరాన రోడ్డు. "ఇటు పక్క మీరొక్కళ్ళే మిగిలారండీ" అనేవారు దారిన పోయేవాళ్ళు. జాలిపడి అన్నారో, వెటకారంగా అన్నారో తెలియదు గానీ నేను మాత్రం పొగడ్తగానే తీసుకునేదాన్ని. నా తత్వమే అంత. నలుగురూ ఒక దారిన పోతుంటే నాకు ఇంకో దారి మీదే మోజు. నేను బతికుండగా ఈ చేను చెరువు కాకూడదని మా ఆయన దగ్గర మాట కూడా తీసుకున్నాను. పాపం, ఆయన మాట తప్పలేదు. వరద వచ్చి చేను పోలేదు, ఎవరో లాక్కుంటే పోలేదు. నా చేతులతో నేనే పోగొట్టాను.

తోట పెట్టకముందు పదేళ్ళు ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పాను. ఉద్యోగం మానేసి, మందు చల్లకుండా, ఎరువుల బస్తా ముట్టకుండా కూరలు పండిస్తానంటే బంధువులందరూ నవ్వారు. పండించడం ఒక ఎత్తు, అమ్మడం ఒక ఎత్తు. మార్కెట్టుకి తీసుకెళ్తే మా వంకాయ పక్కనే మందు కొట్టిన వంకాయ నిగనిగలాడుతూ కూర్చునేది. అందుకని వాటాల పద్ధతి పెట్టాం. ఏలూరులో ఇరవై ఎనిమిది ఇళ్ళు. సీజను మొదట్లో డబ్బు కట్టి చేరతారు. ఆ సీజను పొడుగునా శనివారం శనివారం వాళ్ళ గుమ్మంలోకి ఒక గుడ్డ సంచి వెళ్తుంది. అందులో ఆ వారం తోటలో ఏది కాస్తే అది. వంకాయలు, బెండకాయలు, గోరుచిక్కుళ్ళు, ఒక ఆనపకాయ, రెండు కట్టల ఆకుకూర, వాటి పైన అరటాకులో కట్టిన పూల పొట్లం. పూలు లేని సంచి మా ఇంట్లోంచి బయలుదేరేది కాదు. శ్రావణంలో కనకాంబరాలు, కార్తీకంలో బంతిపూలు, చలి ముదిరాక చేమంతులు, వేసవిలో మల్లెమొగ్గలు. పాత సంచిని ఉతికి, మడత పెట్టి మా చేతికిచ్చి, కొత్త సంచి పుచ్చుకునేవారు.

చేరేటప్పుడు ప్రతి గుమ్మంలోనూ నిలబడి నేనొక మాట చెప్పేదాన్ని. "పంట బాగుంటే సంచి బరువుగా వస్తుందండీ, బాగోకపోతే తేలిగ్గా వస్తుంది. రెంటికీ సిద్ధపడితేనే చేరండి." పాఠాలు చెప్పిన గొంతు కదా, బాగానే పలికేది. వాళ్ళు తలూపేవారు. అందరికంటే ముందు చేరింది పవర్‌పేటలో ఉండే ఒక పెద్దావిడ. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మిగతా ఇళ్ళలో సగం ఆవిడ చెప్పి చేర్పించినవే.

తోట మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయిన వేసవిలో దక్షిణపు చెరువాయన రొయ్య పట్టేసి, చెరువు ఎండగట్టారు. అడుగున మోకాటి లోతు మట్టి, నల్లగా, మెత్తగా. గట్టు మీద నిలబడి దాన్ని చూస్తుంటే నాకు నోరూరింది. మా చిన్నతనంలో వేసవి వచ్చిందంటే ఊరి చెరువులో పూడిక తీసి బళ్ళ మీద చేలకి తోలుకునేవారు. ఆ మట్టి పడ్డ చేనుకి మూడేళ్ళు ఇంకేమీ వెయ్యక్కర్లేదనేవారు మా తాతయ్య. నా కళ్ళ ముందు ఆ బళ్ళే తిరిగాయి.

"మట్టి కావాలాండీ చెల్లెమ్మగారూ? పట్టుకెళ్ళండి. నాకూ తోలించే పని తప్పుతుంది" అన్నారాయన. ఆయన మోసమేమీ చెయ్యలేదు. మెత్తటి మనిషి. ఆ చెరువుని ఏ నీళ్ళతో నింపారని నేను అడగలేదు. అడగక్కర్లేదు కూడా. రొయ్యల కోసం ఆయన ఉప్పునీళ్ళ బోరు వేయించారని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన గట్టు మీద కూర్చుని గడ్డం గోక్కున్నారు. "ఒక మడిలో వేసి చూద్దాం. బాగుంటే వచ్చే ఏడు మిగతాది."

"వచ్చే ఏడు దాకా ఆయన మట్టి మన కోసం దాచిపెడతారేంటండీ?" అన్నాను.

మా తోటలో మొదటి నుంచీ పనిచేసిన ఆడమనిషి ఒకామె ఉంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మొదటి ట్రాక్టరు మట్టి దింపగానే చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పగా ఉందండమ్మా. ఇది కూరమళ్ళకి పనికొచ్చే మట్టి కాదండి."

"వాన పడితే కడుక్కుపోతుందిలే అక్కా."

"ఎక్కడికి పోద్దండీ? చుట్టూతా నీళ్ళే కదండీ."

సమాధానం లేనప్పుడు నాకు కోపం వస్తుంది. "నాకు తెలుసులే, నువ్వు పని చూడు" అన్నాను. పదేళ్ళ పాటు ఉప్పునీళ్ళలో బంగాళాదుంప ముక్క వేసి, అది ఎలా వడిలిపోతుందో పిల్లలకి చూపించిన మనిషిని నేను. ఆ పాఠం పరీక్షలో అడుగుతారని చెప్పేదాన్ని గానీ, నా చేనే అడుగుతుందని అనుకోలేదు. మట్టి చాలక రోడ్డు పక్క పదిహేను సెంట్లు వదిలేశాం. మిగతా తోటంతా జానెడు మందాన పరిపించి, ట్రాక్టరుకి రోటవేటర్ కట్టి రెండుసార్లు కలియదున్నించాను. ఇంక ఏది మా మట్టి, ఏది చెరువు మట్టి అన్నది దేవుడు కూడా విడదీయలేడు.

తొలకరికి విత్తనం పెట్టాం. చిక్కుడు మొలిచి, రెండాకులు వేసి, అంచులు కాల్చినట్టు మాడిపోయింది. తోటకూర బట్టతల మీద వెంట్రుకల్లా అక్కడక్కడా లేచింది. బంతి నారు నాటితే వేలెడెత్తున ఆగిపోయి, చావకుండా, పెరక్కుండా నెల రోజులు అలాగే నిలబడింది. తెగులన్నాను. కాదు, విత్తనం మంచిది కాదన్నాను. వేపపిండి వేశాను, పుల్లమజ్జిగ చల్లాను. వానలు తెరిపి ఇచ్చి ఎండ కాసిన ఒక రోజు మళ్ళ మీద తెల్లటి పొక్కు తేలింది. వేలితో గీరి నాలుక మీద పెట్టుకుని, అక్కడే కూలబడిపోయాను. పక్క మడిలో ఉన్న అక్క నన్ను చూసి కూడా కలుపు తీస్తూనే ఉంది. ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

మట్టి పరీక్షకి ఇచ్చాం. ఆఫీసులో ఆయన కాగితం చూసి, "ఏ మట్టి తోలారండీ?" అన్నారు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మంచినీళ్ళు నిలగట్టి, బయటికి తీసెయ్యాలండీ, ఒకటికి నాలుగుసార్లు. జిప్సం వెయ్యండి. పచ్చిరొట్టకి జీలుగ చల్లి, పూతకి వచ్చాక దున్నెయ్యండి. ఓపిక పడితే మళ్ళీ దారికొస్తుంది. రెండేళ్ళు పట్టొచ్చు, మూడేళ్ళు పట్టొచ్చు."

ఇంటికి వస్తూ బండి మీద మా ఆయన అన్నారు. "వాటాల వాళ్ళకి చెప్పేద్దాం. రోడ్డు పక్క పదిహేను సెంట్లు బాగానే ఉందిగా. అందులో వచ్చిందే తలా కాస్త పంచి, రెండేళ్ళు సర్దుకోమందాం."

"ఎవరు సర్దుకుంటారండీ? రెండు దోసకాయలు, ఒక గోంగూర కట్ట పట్టుకుని రెండేళ్ళా? ఇరవై ఎనిమిదీ పోతాయి. అవి పోతే చేను నిలవదు, చెరువే."

"అడగకుండా ఎలా తెలుస్తుంది?"

వాళ్ళు పోతారన్నది పైకి చెప్పుకున్న కారణం. ఆర్గానిక్ అని ఊరంతా చాటుకున్న నేను, మందులు కొట్టే ప్రతి రైతుకీ పిలవకుండా వెళ్ళి నీతులు చెప్పిన నేను, రొయ్యల చెరువు మట్టి తోలుకుని నా చేను నేనే చంపుకున్నానని ఇరవై ఎనిమిది గుమ్మాల్లో ఎలా చెప్పను? నాకు ముఖం చెల్లలేదు. ఉన్న సంగతి అది.

మట్టిని కడగడానికి నడుం కట్టాం. గట్లు వేసి కాలువ నీళ్ళు నిలబెట్టాం. తీరా బయటికి తీద్దామంటే మురుగు కాలువ చుట్టుపక్కల చెరువుల నీళ్ళతో నిండి, మా చేను కంటే ఎత్తుగా ఉంది. తూము తెరిస్తే మా నీళ్ళు బయటికి పోవడం మాని, బయటి నీళ్ళే లోపలికి వచ్చాయి. ఇంజను పెట్టి తోడాం. పగలంతా తోడితే మర్నాటికి మూడు వైపుల చెరువుల నుంచీ ఊట దిగేది. ఆ నీళ్ళలో నిలబడి ఒళ్ళు మండి ఏడ్చాను. మా ఆయన ఇంజను ఆపి వచ్చి, నా భుజం పట్టుకుని గట్టెక్కించారు.

సంచులు తేలికవుతూ వచ్చాయి. శ్రావణ శుక్రవారాల ముందు పంపిన పొట్లాల్లో పూలకంటే మరువం ఎక్కువ. "వానలండీ" అని చెప్పాను. "పర్లేదులెండి, మీ తప్పేముంది" అన్నారు కొందరు. ఆ మాటకి నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

కార్తీకం వచ్చింది. ఏ ఇంట్లో చూసినా దీపాలు, పూజలు, ఉపవాసాలు. ఏడాది మొత్తంలో మా పూల పొట్లానికి ఎక్కువ ఎదురుచూసేది ఆ నెలలోనే. తోటలో చూస్తే బంతిపూలు దోసెడు. శుక్రవారం పొద్దున్నే, తాడేపల్లిగూడెంలో జిప్సం దొరుకుతుందట అని మా ఆయనతో అబద్ధం చెప్పి, ఆటో కట్టించుకుని అక్కడి హోల్‌సేల్ మార్కెట్టుకి వెళ్ళాను.

వంకాయల కొట్టు ముందు నిలబడి, "పుచ్చులున్నవి కూడా కలిపి ఇవ్వండి" అన్నాను.

కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. "పుచ్చులు ఏరెయ్యమనేవాళ్ళని చూశాను గానీ, పుచ్చులు కావాలన్నవాళ్ళని ఇదే చూడ్డమండీ."

మా సంచిలో పది వంకాయలకి రెండైనా పుచ్చుంటాయి. వాటాదార్లకి అదే మా గుర్తు. "గేదెలకండీ" అన్నాను. గేదెలకి టమాటాలూ, బెండకాయలూ, చేమదుంపలూ, రెండు బుట్టల బంతిపూలూ ఎందుకో ఆయన అడగలేదు.

ఇంటి ముందు ఆటో ఆగగానే మా ఆయన బుట్టల వైపు చూశారు, నా వైపు చూశారు. "వద్దు" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాతో అంత గట్టిగా ఆ మాట అనడం అదే మొదటిసారి. నేను వినలేదు. చేమదుంపలకి మా మట్టి పులిమాను. బంతిపూలు అరటాకుల్లో కట్టాను. పొట్లాలు కట్టే పనికి అక్క రాలేదు, కడుపులో నొప్పిగా ఉందని కబురు పంపింది.

శనివారం మధ్యాహ్నం నుంచి ఫోన్లో మెసేజీలు. "ఈ వారం సంచి చాలా బాగుందండీ." "తోట మళ్ళీ అందుకుందండీ, సంతోషం." "వంకాయలు ఎంత లేతగా ఉన్నాయో." తొమ్మిదేళ్ళు ఒళ్ళు వంచి పండించి పంపితే ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. ఒక్కో మెసేజీ చదువుతుంటే చెంప ఛెళ్ళుమన్నట్టుండేది. అయినా మరుసటి శుక్రవారం మళ్ళీ గూడెం వెళ్ళాను. ఆ పై శుక్రవారం కూడా. మూడోసారికి పుచ్చులు అడగడానికి సిగ్గు కూడా పోయింది.

ఆ మూడో శనివారం పవర్‌పేట పిన్నిగారు ఫోన్ చేశారు.

"మా మనవరాలు జ్వరం నుంచి లేచిందండీ. వారం రోజులై ఏమీ సహించడం లేదు. ఇవాళ మీ సంచి రాగానే టమాటా కావాలంది. కడక్కుండానే చేతికిచ్చేశాను, కొరుక్కు తింటోంది. బయట కొన్నవైతే నానబెట్టి నాలుగుసార్లు కడిగితే గానీ ముట్టుకోనివ్వను కదండీ."

"కడగండి పిన్నిగారూ" అన్నాను.

"ఎందుకండీ, మీవే కదా."

"కడగండి. దాని చేతిలోది తీసేసుకోండి" అని ఫోన్ పెట్టేసి, దొరికిన ఆటో ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

మట్టి దగ్గర నుంచి పుచ్చు వంకాయల దాకా అంతా చెప్పాను. ఆవిడ కుర్చీ చెయ్యి నిమురుతూ విన్నారు. తిడతారనుకున్నాను, తిడితే కాళ్ళ మీద పడదామని కూడా అనుకున్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, కాఫీ తెచ్చి నా చేతికిచ్చారు.

"సంచిలో ఒక్క కరివేపాకు రెబ్బ వేసి పంపినా పుచ్చుకునేదాన్నండీ. తక్కినవాళ్ళకీ నేనే చెప్పేదాన్ని, పాపం మట్టి దెబ్బతింది, రెండేళ్ళు ఓపిక పడదామని. రెంటికీ సిద్ధపడమని మీరే చెప్పారు కదండీ. మేం సిద్ధపడే చేరాం. మీరే సిద్ధపడలేదు."

"ఇక మీదట..." అన్నాను.

"కాఫీ చల్లారిపోతోందండీ" అన్నారు ఆవిడ.

పాపకి ఏమీ కాలేదు. ఆ వారమంతా రోజూ ఫోన్ చేసి కనుక్కున్నాను. మిగతా ఇరవై ఏడు ఇళ్ళకీ నేనే వెళ్ళి, ఆవిడకి చెప్పినట్టే చెప్పాను. మా వైపు మనుషులకి కోపం వచ్చినా గొంతు లేవదు. "ఈ సీజనుకి చాల్లెండి." "మా వారు ఇక్కడే కొనుక్కుందాం అంటున్నారండీ." "మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం లెండి." ఉతికి మడత పెట్టిన సంచులు చేతిలో పెట్టి, నేను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, అప్పుడు తలుపు వేసుకున్నారు. మూడు ఇళ్ళు మాత్రం ఉంటామన్నాయి. వాటిలో పిన్నిగారి ఇల్లు లేదు. మూడు ఇళ్ళని నమ్ముకుని, జీలుగ చల్లుకుని రెండేళ్ళు కూర్చోలేం. ఇరవై ఎనిమిదీ ఉంటే కూర్చోగలిగేవాళ్ళం. ఆ సంగతి మా ఆయనకి తెలుసు. అయినా ముందే చెప్పానా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన అలా ఊరుకోవడం చూసి, నాకు ఆయన మీద కూడా కోపం వచ్చేది.

మాఘమాసం దాకా నేనూ అక్కా పైకి తేలిన ఉప్పు పొక్కుని పారలతో గీకి, గంపలతో మోసి రోడ్డు పక్కన పోశాం. గీకిన చోట నాలుగు రోజులకి మళ్ళీ తేలేది. మళ్ళీ గీకేవాళ్ళం. ఒక రోజు అక్క గంప దించి, "ఇంక నావల్ల కాదండమ్మా. మీవల్లా కాదు. వదిలెయ్యండి" అంది. నేను వినిపించుకోకుండా గీకుతుంటే నా చేతిలోంచి పార తీసుకుని గట్టు మీద పెట్టింది.

దక్షిణపు చెరువాయన ఇంటికి వచ్చారు. "మీ చేను లీజుకి నేను తీసుకుంటానండీ చెల్లెమ్మగారూ. తవ్వకం అంతా నేనే చూసుకుంటాను. మీకు ఇష్టమైతేనేనండీ." మా ఆయన నా ముఖం చూశారు. ఇచ్చిన మాట ఉంది కదా, ఆయనకై ఆయన అవునని అనరు. నేనే అనాలి.

"తవ్వుకోండి అన్నయ్యగారూ" అన్నాను.

ఫాల్గుణంలో పొక్లెయిన్ వచ్చింది. నడిపే అతను ఇంజను ఆపకుండానే తల బయట పెట్టి, "ఏ మూల నుంచి మొదలెట్టమంటారండీ?" అని నన్నే అడిగాడు. రోడ్డు పక్క పదిహేను సెంట్లలో గోంగూర ఇంకా పచ్చగా ఉంది. చివరికి అదీ తవ్వుతారని తెలిసి కూడా, ఒకటి రెండు రోజులైనా మిగులుతుందని దక్షిణపు మూల చూపించాను. అతను మొదటి మట్టి లేపి గట్టు కోసం పోశాడు. అది పొడిపొడిగా జారిపోయింది. "పైమట్టి మరీ గుల్లగా ఉందండీ, గట్టుకి ఆగదు. కింద జిగురు మట్టి తీసి కలపాలి" అన్నాడు. తొమ్మిదేళ్ళు పేడ వేసి, ఆకు వేసి నేను గుల్ల చేసిన మట్టి. చెరువు గట్టుకి కూడా పనికిరాలేదు.

నాలుగు రోజుల్లో తవ్వకం అయిపోయింది. తర్వాత నీళ్ళు పెట్టారని విన్నాను. రెండు నెలలు నేను అటు వైపు వెళ్ళలేదు. వేసవిలో కొల్లేటి లంకల్లో ఒక పెళ్ళికి వెళ్ళి, బస్సులో తిరిగి వస్తూ కావాలనే కిటికీ పక్క సీటులో కూర్చున్నాను. ఈసారి చూడాలి, తల తిప్పుకోకుండా చూడాలి, ఆ మాత్రం శిక్ష నాకు పడాలి అనుకున్నాను. ఒక చెరువు దాటింది, ఇంకొకటి వచ్చింది, దాని వెనక మరొకటి. గట్లు ఒక్కలాగే ఉన్నాయి, నీళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి. మాది ఏదో గుర్తుపట్టడానికి చెట్టు లేదు, పాక లేదు. అదేమో, కాదు ఇదేమో అనుకుంటూ అద్దానికి ముఖం ఆనించి వెతుకుతూనే ఉన్నాను. బస్సు పెదపాడులో ఆగింది.